గురువారం పోలింగ్ ఎందుకు పెట్టాను

రెండు వేల ఐదు జూన్ మొదటి వారంలో నన్ను రామకృష్ణాపూర్ నుంచి గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి సీనియర్ పర్సనల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఆ గని ఇప్పుడు లేదు. బొగ్గు అయిపోయాక దాన్ని మూసేశారు. అందుకే పేరు చెప్పాల్సిన అవసరం కనిపించడం లేదు.

పర్సనల్ ఆఫీసరు ఏం చేస్తాడని చాలామంది అడుగుతుంటారు. బొగ్గు తీయడం మా పని కాదు. తీసే మనిషి లెక్క మాది. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు నాగా పెట్టారు, ఎవరికి సెలవు ఉంది, ఎవరికి క్వార్టరు రావాలి, చనిపోయిన కార్మికుడి ఇంట్లో ఎవరికి ఉద్యోగం ఇవ్వాలి, ఇవన్నీ మా బల్ల మీదికి వస్తాయి. హాజరు పట్టీని మేం మస్టర్ అంటాం. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చదివిన ముఖ్య గ్రంథం అదే. కార్మిక సంఘాలతో మాట్లాడటం కూడా మా పనే. గని మేనేజరుకు చట్టం చాలా బాధ్యతలు పెట్టింది కాబట్టి, మాటల పని ఆయన మాకు వదిలేస్తాడు.

నేను చేరిన వారానికే అలాంటి పని ఒకటి వచ్చింది. గనుల నియమాల ప్రకారం పెద్ద గనుల్లో కార్మికుల తరఫున ఒక తనిఖీదారు ఉండాలి. వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ అంటారు. అతను గని అంతా తిరిగి పైకప్పు, ఊతాలు, గాలి, నీళ్ళు చూసి, కనిపించిన లోపాన్ని ఒక రిజిస్టరులో రాస్తాడు. ఆ రాతకు ఎదురుగా మేనేజరు ఏం చేశాడో రాసి సంతకం పెట్టాలి. పని ఆపే అధికారం అతనికి లేదు. కానీ అతను రాసింది ఎవరూ కొట్టేయలేరు. పై నుంచి గనుల భద్రతాధికారి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ రిజిస్టరే.

పాత తనిఖీదారు రిటైరయ్యాడు. మామూలుగా సంఘాలతో సంప్రదించి కొత్తవాణ్ణి నియమిస్తారు. ఇక్కడ రెండు సంఘాలూ ఒక పేరు మీద ఒప్పుకోలేదు. చివరికి గని కార్మికులందరూ ఓటు వేయాలనీ, గెలిచినవాణ్ణే మేనేజరు నియమించాలనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పోటీలో ఉన్న ఇద్దరూ సర్దార్లే. సర్దారంటే షిఫ్టు మొదట్లో తన ప్రాంతంలో పైకప్పును కర్రతో తట్టి చూసి, లోపలికి రావచ్చని మిగతావాళ్ళకు చెప్పే మనిషి.

కొమురయ్య ఎ రిలే సర్దారు. రిలే అంటే ఒకే షిఫ్టులో కలిసి దిగే జట్టు. గనికి మూడు రిలేలుంటాయి. కొమురయ్యను గనిలో ఇష్టపడనివాళ్ళు లేరు. ఎవరింట్లో జబ్బు చేసినా దవాఖానకు ముందు చేరేది అతనే. ఓదెలు సి రిలే సర్దారు. మాటలు తక్కువ. పైకప్పు బోలుగా మోగితే ఎంతటివాడు చెప్పినా మనిషిని లోపలికి వదలడు. సి రిలేకు డిప్పు వైపు, అంటే గని పల్లంలోకి దిగే కొసన, ఆ రిలే ఒక్కటే పనిచేసే ఒక పాడు చోటు ఉండేది. అంతకు ముందు ఏడాది వానాకాలంలో అక్కడ పైకప్పు విరిగిపడి ఐలయ్య అనే కార్మికుడు చనిపోయాడు. ఆ రోజు ఓదెలు సెలవులో ఉన్నాడు. ఆ ఘటన తరవాత సి రిలే అంతా ఓదెలు వెనక నిలబడింది.

పోలింగ్ ఏ రోజు పెట్టాలో తేల్చమని మేనేజరు నాకు చెప్పారు. ఆయనది గుంటూరు వైపు. మంచి ఇంజనీరు. ఏ విషయమైనా ఎన్ని టన్నులన్న లెక్కలోనే ఆలోచించేవారు.

"ఆదివారం పెట్టేయండి. బొగ్గు ఆగదు, మనకూ గొడవ ఉండదు" అన్నారు.

నాకూ అది సబబుగానే తోచింది. దేశంలో ఓట్ల రోజు సెలవు ఇస్తారు కదా, మనకు ఆదివారం ఎలాగూ సెలవే అనుకున్నాను. రెండు సంఘాల వాళ్ళను పిలిచి అదే చెప్పాను. కొమురయ్యను బలపరుస్తున్న సంఘానికి సమ్మయ్య గని కార్యదర్శి. అతను నవ్వాపుకోలేదు.

"సార్ కొత్తగొచ్చిండు గదా, ఎర్కలేదు. తొలకరి పడ్డది సార్. ఐతారం నాడు ఈ గని కాడ కుక్క సుత ఉండది. అందరు ఊళ్ళల్ల నాగళ్ళ ఎనుక ఉంటరు. ఓట్లెవలేస్తరు, మీరూ నేనా?"

అతను చెప్పింది నిజం. మా కార్మికుల్లో సగానికి పైగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. గనిలో ఉద్యోగం, ఊళ్ళో రెండెకరాల పొలం. వానాకాలం ఆదివారాల్లో కాలనీలు ఖాళీగా ఉంటాయి. తరవాత గంటసేపు వారాల మీద చర్చ జరిగింది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని ఒకరన్నారు.

"రూఫు కూలేటప్పుడు వారం జూసుకుంటదా?" అని వెనక నుంచి ఒకరు అడిగారు.

శనివారం మొదటి షిఫ్టు వదలగానే ఊరి బస్సు కోసం పరుగెత్తుతారు కాబట్టి లైన్లో ఎవరూ నిలబడరన్నారు. చివరికి సమ్మయ్యే సోమవారం అన్నాడు.

"ఊళ్ళకు పోయినోళ్ళు తిరిగొస్తరు. ఒక దినం ఇంట్ల తిని పండినోళ్ళు, మంచిగుంటరు. ఈ సోమారం గాక పై సోమారం పెట్టుర్రి."

మేనేజరుకు కూడా సోమవారం నచ్చింది. ఆదివారం పంపులు నడిచినా బొగ్గు తీసే చోట్ల నీళ్ళు నిలిచి ఉంటాయి. సోమవారం అవి తోడి, దారులు సర్దేసరికి సగం రోజు పోతుంది. బొగ్గు ఎలాగూ తక్కువే.

మాట మీద నిర్ణయించడం నాకు ఇష్టముండదు. ఆరు నెలల మస్టర్లు ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య విమల కంపెనీ హైస్కూల్లో టీచరు. ఆమె అంకెలు చదివింది, నేను వారంలోని ఏడు రోజులకు ఏడు గళ్ళు గీసి వేసుకున్నాను. ఆదివారం గడి వెలవెలబోయింది. మిగతా ఆరింటిలో పెద్ద తేడా లేదు. సోమవారం కొంచెం తక్కువ, అంతే. ఆ కాగితం చూసుకుని సంతోషపడ్డాను. గనిలో ఇలా లెక్క తీసి రోజు నిర్ణయించినవాడు నాకు ముందు ఎవరూ లేరనుకున్నాను.

విమల శాసనసభకూ పార్లమెంటుకూ చాలాసార్లు పోలింగ్ డ్యూటీ చేసింది. బసంత్‌నగర్ నుంచి మంథని దాకా ఆమె డ్యూటీ చేయని పోలింగ్ బూత్ లేదు. నా లెక్క మొత్తం అయ్యాక ఆమె రెండు విషయాలు ఎత్తింది.

"డ్యూటీ దిగి వచ్చేవాళ్ళ చేతులు బొగ్గుతో ఉంటయి. దాని మీద సిరా పెడితే బొగ్గుకు అంటుతది గాని వేలికి అంటదు. బకెట్ల నీళ్ళు, సబ్బు పెట్టుకోండి."

రెండోది, పోలింగ్ ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందని అడిగింది. ఉదయం అయిదున్నర నుంచి సాయంత్రం అయిదు దాకా అన్నాను. తల ఊపింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నేను ఆలోచించలేదు. ఆమె పోయిన ఏడాది చనిపోయింది. ఆమె అడిగిన చాలా ప్రశ్నల్ని నేను ఆలస్యంగా ఆలోచించాను. ఇది వాటిలో ఒకటి.

ఆ మర్నాడు సోమవారం. వచ్చే సోమవారం పోలింగ్ అని నోటీసు టైపు చేయించి జేబులో పెట్టుకుని, పోలింగ్ గది చూసుకోవడానికి ల్యాంపు రూముకు వెళ్ళాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తన నంబరున్న టోపీ దీపం తీసుకుని దిగాలి, పైకి వచ్చాక అక్కడే అప్పగించాలి. పెట్టిన చోటే అది ఛార్జింగ్ అవుతుంది. అందరూ ఎలాగూ అక్కడికే వస్తారు కాబట్టి ల్యాంపు రూము పక్క గదిలో ఓటు పెడితే ఎవరినీ ప్రత్యేకంగా పిలవక్కర్లేదు.

ల్యాంపు రూములో ఆ షిఫ్టులో సరోజన ఉంది. ఆమె ఐలయ్య భార్య. భర్త చనిపోయాక ఆమెకు వచ్చిన ఉద్యోగం అది. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. నా ముందు పెద్దగా మాట్లాడింది లేదు. ఆ రోజు తనే అడిగింది.

"పోలింగు సోమారమేనంట గద సార్?"

అవునన్నాను.

"ఇయ్యాల సోమారమే. గీ వరుస సూడుర్రి."

గోడ పొడవునా దీపాల అరలున్నాయి. ఎ, బి, సి రిలేలకు తలొక వరుస. పదకొండు గంటల వేళ. మొదటి షిఫ్టులో దిగిన సి రిలే వరుస ఖాళీగా ఉంది. మధ్యాహ్నం దిగాల్సిన ఎ రిలే దీపాలు ఉన్నాయి. బి రిలే దీపాలు కూడా ఒక్కటి తగ్గకుండా ఉన్నాయి. ఇందులో చూడటానికేముందని అడిగాను.

"బి రిలేటోళ్ళు ఏడున్నరు సార్ గిప్పుడు?"

ఆమే చెప్పింది. వాళ్ళంతా ఇంకా ఊళ్ళలోనే ఉన్నారు.

ఇక్కడ షిఫ్టుల సంగతి కొంచెం చెప్పాలి. ఏడు నుంచి మూడు దాకా మొదటి షిఫ్టు, మూడు నుంచి పదకొండు దాకా రెండోది, పదకొండు నుంచి తెల్లారి ఏడు దాకా నైటు షిఫ్టు. ప్రతి సోమవారం రిలేల షిఫ్టు మారుతుంది. మొదటి షిఫ్టు చేసినవాళ్ళు తరవాతి వారం నైటుకు వెళతారు. అంటే శనివారం మధ్యాహ్నం మూడింటికి పైకి వచ్చిన మనిషి మళ్ళీ సోమవారం రాత్రి పదకొండింటికి దిగితే చాలు. దీన్ని కార్మికులు పెద్ద రెస్టు అంటారు. మూడు వారాలకోసారి వచ్చే ఆ వ్యవధిలోనే దున్నడం, విత్తడం, పెళ్ళిచూపులు, కోర్టు పనులు అన్నీ చేసుకుంటారు. సోమవారం మాపటి బస్సుకు వచ్చి, ఇంట్లో బువ్వ తిని డ్యూటీకి వస్తారు.

నేను కొంచెం చిరాకుపడ్డాను. మస్టర్లన్నీ చూశాననీ, సోమవారం హాజరు తక్కువేమీ లేదనీ అన్నాను.

"మీ మస్టరు మనిషొచ్చిండని చెప్తది సార్. ఓటు డబ్బా మూసినంక వచ్చిండని చెప్తదా?"

న్యాయంగా చూస్తే మస్టర్ ఆ మాట చెబుతుంది. అందులో మూడు షిఫ్టులకు మూడు గళ్ళు వేరుగా ఉంటాయి. నేనే వాటిని కూడి ఒక అంకె చేశాను. సోమవారం రాత్రి పదకొండింటికి వచ్చినవాళ్ళు కూడా నా కాగితంలో సోమవారం వచ్చినవాళ్ళే. పోలింగ్ అయిదింటికే ముగుస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా మస్టర్లు చూసిన మనిషి చేయకూడని తప్పు అది. ల్యాంపు రూములో ఏడాది కూడా పనిచేయని మనిషి దాన్ని పట్టుకుంది, ఎందుకంటే ఆమె ముందు అంకెలు లేవు, దీపాలున్నాయి.

వచ్చే సోమవారం పెద్ద రెస్టు ఏ రిలేకు వస్తుందని అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకే తెలిసింది. ఈ వారం మొదటి షిఫ్టు సి రిలేది.

"మా ఇంటాయన పోయిన కాడనే మా తమ్ముడు బొగ్గు నింపుతుండు" అంది సరోజన. "రవి. సి రిలేనే. ఓదెలన్నను గెలిపియ్యుమని నేనంటలేను సార్. నేనెవలికేస్తనో సుత మీకు చెప్ప. గాని ఆ రూఫు కింద ఉండెటోళ్ళ చేతికి ఓటు చిట్టి అందాలె గద."

సమ్మయ్య ఇది తెలిసే సోమవారం అన్నాడా? నేను అతన్ని ఎప్పుడూ అడగలేదు. పాతికేళ్ళు షిఫ్టులు చేసినవాడికి తెలియకుండా ఉండదని మాత్రం అనుకుంటాను.

నోటీసు జేబులోనే ఉండిపోయింది. అయితే వెంటనే రోజు మార్చడం కూడా నాకు సరికాదనిపించింది. ఐలయ్య భార్య చెబితే ఆఫీసరు రోజు మార్చాడంటే, ఓదెలుకు మేలు చేయడానికే మార్చాడని అంటారు. అలా అనడానికి వీల్లేకుండా లెక్క ఉండాలి. ఆ సాయంత్రం మళ్ళీ మస్టర్లు ముందేసుకున్నాను. ఈసారి ఏ రోజు ఎంతమంది వస్తారని చూడలేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్కో రోజు తీసుకుని, అయిదున్నరకూ అయిదింటికీ మధ్య ఏ రిలే గని దగ్గర ఉండదో, ఎవరు వదిలి రాలేని పనిలో ఉంటారో రాసుకున్నాను.

సోమవారం ఒక రిలే మొత్తం పోతుంది. ఏ సోమవారం పెట్టినా అంతే, రిలే పేరు మారుతుంది. మంగళ, బుధవారాల్లో గని నీళ్ళు తోడే పంపు ఖలాసీలు కొంతమంది ఉండరు. గనిలో నీళ్ళు ఆదివారమని ఆగవు కాబట్టి వాళ్ళు ఆదివారం పనిచేసి, ఆ రెండు రోజుల్లో వంతుల వారీగా రెస్టు తీసుకుంటారు. శనివారం సంగతి ముందే చెప్పాను. మిగిలినవి గురువారం, శుక్రవారం. రెండూ సమానంగానే కనిపించాయి. విమల ఒక్క మాటతో తేల్చింది.

"ఏదన్న గొడవై మళ్ళీ ఓట్లు పెట్టాల్సొస్తే ఒక రోజు చేతిల ఉండాలె కదా. షిఫ్టులు మారకముందే."

గురువారం పెడితే శుక్రవారం చేతిలో ఉంటుంది. కాబట్టి గురువారం. వచ్చే వారంలోనే.

మేనేజరు ఒప్పుకోలేదు. "గురువారమా! వారం మొత్తంలో బొగ్గు బాగా వచ్చేదే ఆ రోజు కదండీ" అన్నారు. పనిలో ఉన్నవాణ్ణి ఎవర్నీ పైకి పిలవననీ, మొదటి, రెండో షిఫ్టుల వాళ్ళు దిగబోయే ముందు, నైటు షిఫ్టు వాళ్ళు పైకి వచ్చాక వేస్తారనీ, పంపు ఖలాసీలకు మాత్రం పది నిమిషాలు బదులు మనిషిని పంపితే చాలనీ చెప్పాను. ఒక్క టబ్బు బొగ్గు తగ్గినా బాధ్యత నాదేనని రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఉద్యోగంలో అలాంటి కాగితాల మీద నేను పెట్టిన సంతకాలు తక్కువ. ఇప్పటికీ దానికి విచారం లేదు.

సమ్మయ్య నా గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఓదెలు మీకేమన్న బావయితడా సార్? మేం సోమారమంటే మీరు బేస్తారమంటున్రు."

"సోమవారమే కావాలంటే సోమవారమే పెడుదాం సమ్మయ్యా. కాకపోతే నోటీసుకు గడువు చాలదు, ఇంకో వారం జరుపుతా" అన్నాను.

అతను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఇంకో వారం జరిగితే పెద్ద రెస్టులో ఉండేది ఎ రిలే. కొమురయ్య సొంత రిలే. సమ్మయ్య పెద్దగా నవ్వి లేచాడు.

"వద్దు వద్దు. బేస్తారమే మంచిగున్నది. కానియ్యుర్రి."

నోటీసు ఆ సాయంత్రమే అంటించాం.

గురువారం తెల్లవారుజామున సన్నగా వాన పడుతోంది. అయిదున్నరకు పెట్టె తెరిచి, ఖాళీగా ఉందని ఇరుపక్షాల ఏజెంట్లకు చూపి సీలు వేశాను. రిలేకు ఒకటి చొప్పున మూడు పెట్టెలు తెప్పించాను. ఒకదాని పని ముగిశాక ఇంకొకటి తెరవాలని ఏర్పాటు. చెరగని సిరా మాకు దొరకలేదు. ధోబీలు బట్టల మీద గుర్తులు పెట్టే ఇంకు తెప్పించాం. వాకిట్లో రెండు బకెట్ల నీళ్ళు, సబ్బుముక్కలు.

మొదట మొదటి షిఫ్టులో దిగాల్సిన ఎ రిలే వచ్చింది. ఉతికిన బట్టలు, దువ్విన తలలు. ఏ ఇబ్బందీ లేదు. కొమురయ్య కూడా ఆ వరుసలోనే నిలబడి ఓటు వేశాడు. "నా ఓటు నాకు వడ్తదో లేదో, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు" అని అందరినీ నవ్వించి గనిలోకి దిగాడు.

ఏడు దాటాక సి రిలే పైకి వచ్చింది. ఎనిమిది గంటలు లోపల ఉండి, తడిసి, నిలువెల్లా నల్లగా. కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనిపించదు. సమ్మయ్య తరఫు ఏజెంటు మొదటి మనిషినే ఆపాడు.

"ఈడు శంకరయ్య కాదు సార్. శంకరయ్య ఇంత పొడుగుండడు."

"ఏందిరా, నీ పెండ్లిల డప్పు ముంగట నాలుగు గంటలు ఎగిరిన. అప్పుడు పొడుగు గనవడలేదా?" అన్నాడు ఆ నల్లని మనిషి.

"మొకం కడుక్కొని రా పో, అప్పుడు సూస్త."

"మొకం కడుగుతె మా ఆవిడె గుర్తు వట్టది, నువ్వేం వడ్తవు?"

వరుస మొత్తం నవ్వింది. కానీ వెనక జనం పెరుగుతున్నారు. రాత్రంతా పనిచేసిన మనుషులు వానలో ఎంతసేపు నిలబడతారు? వరుస చివరి నుంచి ఇద్దరు ముగ్గురు ఇంటి దారి పట్టడం చూశాను. వాళ్ళు వెళ్ళిపోతే నా గురువారం కూడా సోమవారమే అవుతుంది.

ల్యాంపు రూము కిటికీ నుంచి సరోజన ఈ గొడవ చూస్తోంది. ఆమె దీపం తీసుకుంటూ, నంబరూ పేరూ కలిపి బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. దీపం నంబరు మనిషికి ఒకటే ఉంటుంది. దిగేటప్పుడు ఆ మనిషే సంతకం పెట్టి తీసుకుంటాడు. ఆమె చదివిన నంబరు నేను ఓటర్ల జాబితాలో చూడటం, ఏజెంటు సరేననడం, మనిషి వేలు కడుక్కుని రావడం, అలా వరుస కదిలింది. పది పేర్ల తరవాత ఏజెంటు మొహాలు చూడటం మానేసి నంబర్లే విన్నాడు. వెళ్ళిపోతున్నవాళ్ళను ఓదెలు పిలుచుకొచ్చాడు. తనకు ఓటు వేయమని అనలేదు. "చిట్టి ఏసి పోర్రి, పది నిమిషాలే" అన్నాడు, అంతే.

రవి వచ్చినప్పుడు సరోజన మిగతావాళ్ళ నంబరు చదివినట్టే చదివింది. తల కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం బి రిలే వేసింది. వాళ్ళ మధ్యలో పంపు ఖలాసీలు ఒక్కొక్కరే పైకి వచ్చి వేసి వెళ్ళారు. అయిదింటికి తలుపులు వేసేసరికి, దవాఖానలో ఉన్నవాళ్ళు, దీర్ఘ సెలవులో ఉన్నవాళ్ళు తప్ప జాబితాలో దాదాపు అందరి పేర్ల పక్కనా టిక్కు పడింది. ఆ గనిలో అంతకు ముందు ఏ ఓటింగుకూ అంతమంది రాలేదని పాతవాళ్ళు చెప్పారు. ఆ రోజు బొగ్గు కూడా తగ్గలేదు. మేనేజరు నన్ను పిలిచి మరీ నేను రాసిచ్చిన కాగితాన్ని వెనక్కిచ్చారు.

ఓట్లు ఆ సాయంత్రమే లెక్కించాం. ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. మూడు పెట్టెల చిట్టీలనూ ఒకచోట కలిపి లెక్కించాలి. అలా చేస్తే ఏ రిలే ఎవరికి వేసిందో తెలియదు. నేను ఒక పెట్టె తరవాత ఒకటి తెరిచాను. ఎ పెట్టెలో కొమురయ్య కుప్ప పెద్దది. బి పెట్టెలో సగం సగం. సి పెట్టె తెరిచాక ఓదెలు కుప్ప పెరుగుతూనే పోయింది. కొమురయ్య పక్కన చిట్టీలు ఒక చేతిలో పట్టేటన్ని కూడా లేవు. చివరికి కొమురయ్య గెలిచాడు. తేడా ఎంత తక్కువంటే, సమ్మయ్య రెండోసారి లెక్కపెట్టమని అడగబోయి, గెలిచింది తమవాడేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

సరోజన వాకిట్లో నిలబడి ఫలితం విన్నది. తరవాత ఇంటి దారి పట్టింది. న్యాయంగా జరిగిన పోలింగ్‌లో తను కోరుకున్న మనిషే గెలవాలని లేదు. ఆ మాట నేను ఆమెకు చెప్పే అవసరం కూడా లేదు. ఆమె మొదటి నుంచీ అడిగింది గెలుపు కాదు.

సోమవారం కొమురయ్య నియామకం ఉత్తర్వు తీసుకోవడానికి నా గదికి వచ్చాడు. ఎప్పటిలా జోకు వేయలేదు.

"మొన్న మూడో డబ్బల నా కుప్ప జూసిన్రా సార్?"

చూశానన్నాను.

"ఆళ్ళందరు నాకు ఎర్కైనోళ్ళే. సగం మంది ఇండ్లల్ల నేను బువ్వ తిన్న. అయిన పిడికెడు మంది సుత నాకెయ్యలే. అంటే ఆ రూఫు కింద ఆళ్ళకెంత భయముందో సూడుర్రి. ఇది తెల్వకుంట గెలిచుంటే నేను ముందుగాల ఎ రిలే దిక్కే తిరుగుతుంటి."

ఆ రోజే అతను సి రిలే డిప్పు వైపు దిగాడు. వెంట ఓదెలును తీసుకెళ్ళాడు. తట్టి చూడటంలో అతని చెవి మంచిదని అందరికీ తెలుసు. సాయంత్రానికి రిజిస్టరులో ఒకటిన్నర పేజీ రాత పడింది. పైకప్పు ఎక్కడెక్కడ బోలుగా మోగుతోందో, ఎన్ని ఊతాలు కావాలో, ఏ మూలలో మనుషుల్ని పెట్టకూడదో స్పష్టంగా ఉంది. మేనేజరు చదివి, ఎదురు పేజీలో తన సంతకంతో ఆ చోట పని నిలిపివేసినట్టు రాశారు. ఆయనకూ ఆ రూఫు మీద నమ్మకం లేదనీ, ఆపడానికి చేతిలో ఒక రాత కోసం చూస్తున్నారనీ నాకు అప్పుడు అర్థమైంది. పన్నెండు రోజులు అక్కడ బొగ్గు తీయలేదు. రెట్టింపు ఊతాలు వేశాక, ఓదెలు తట్టి చూసి సరేనన్న తరవాతే రవి, మిగతావాళ్ళు మళ్ళీ దిగారు. ఆ వానాకాలం ఆ చోట ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది మా పోలింగ్ వల్లనేనని నేను రుజువు చేయలేను. సి రిలే ఓటు వేయకపోతే కొమురయ్య పెద్ద తేడాతో, నిశ్చింతగా గెలిచేవాడని మాత్రం చెప్పగలను.

తరవాత పదేళ్ళలో నేను ఇంకా చాలా ఓటింగులు నిర్వహించాను. ప్రతిసారీ పెట్టెలు కలిపే లెక్కించాను. పద్ధతి అదే, పద్ధతి ముఖ్యం. ఆ ఒక్కసారి పద్ధతి తప్పడం వల్ల మేలు జరిగిందని ఆ తప్పును ఒప్పు అనను.

ఓట్లకు ఏ వారం మంచిదని రిటైరయ్యాక కూడా కొందరు నన్ను అడుగుతుంటారు. ఆదివారమైతే అందరికీ సెలవు కదా అంటారు. సెలవు రోజు మనిషి ఓటు పెట్టె దగ్గర ఉంటాడా, పొలంలో ఉంటాడా అన్నది వాళ్ళు అడగరు. మాకు గురువారం కుదిరింది. మా షిఫ్టులు, మా పంపులు, మా ఊరి బస్సులు అలా ఉన్నాయి కాబట్టి కుదిరింది. ఇంకో గనికి అది పనికిరాకపోవచ్చు. రోజు నిర్ణయించే ముందు, పెట్టె తెరిచి ఉన్న గంటల్లో ఎవరు రాలేరో వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం ఖాళీగా మిగిలే రోజే మంచి వారం.